కుటుంబంతో సముద్రంలో సాల్మన్ వేట: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పసిఫిక్ తీరంలో, ముఖ్యంగా వాషింగ్టన్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్ వంటి రేవుల నుంచి చార్టర్ బోటులో (కెప్టెన్, సిబ్బందితో సహా అద్దెకు దొరికే బోటు) పిల్లలతో, పెద్దలతో కలిసి సాల్మన్ వేటకు వెళ్లాలనుకునేవారి కోసం ఈ పేజీ. చేపను పట్టడం గురించిన ప్రశ్నలకన్నా బోటులో మనుషుల గురించిన ప్రశ్నలకే ఇక్కడ ఎక్కువ చోటు దక్కింది. ఎర కట్టడం, చేపలున్న చోటు వెతకడం బోటు సిబ్బంది చూసుకుంటారు. మీ అబ్బాయికి కడుపులో తిప్పితే మాత్రం చూసుకోవలసింది మీరే.

ఏ నెలలో వెళ్తే మంచిది?

స్థూలంగా జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు. కచ్చితమైన తేదీలు ఏటా మారతాయి. నదులకు ఆ ఏడాది ఎన్ని సాల్మన్లు తిరిగి రావచ్చో అంచనా వేసి, పసిఫిక్ ఫిషరీ మేనేజ్‌మెంట్ కౌన్సిల్ మార్చి, ఏప్రిల్ సమావేశాల్లో సముద్ర వేట కాలాన్ని నిర్ణయిస్తుంది. వాషింగ్టన్ సముద్రతీరాన్ని నాలుగు ప్రాంతాలుగా విభజించారు: ఇల్వాకో (1), వెస్ట్‌పోర్ట్ (2), లా పుష్ (3), నియా బే (4). పట్టడానికి అనుమతించిన చేపల సంఖ్య, అంటే కోటా, నిండిందంటే ప్రకటించిన గడువుకు ముందే వేట ఆగిపోవచ్చు. అందుకే సెప్టెంబరు రెండో వారానికి టికెట్లు కొని ధీమాగా కూర్చోవడం మంచిది కాదు.

చేపల సంగతికి వస్తే, వేసవి మొదట్లో కొహోలు (సాల్మన్‌లో ఒక రకం) చిన్నవిగా ఉంటాయి. కొహో ఆయుష్షు దాదాపు మూడేళ్లు. అందులో చివరి వేసవిలో అది విపరీతంగా తిని ఒళ్లు చేస్తుంది కాబట్టి ఆగస్టు చేపకూ జూన్ చేపకూ బరువులో బాగా తేడా ఉంటుంది. బేసి సంఖ్య సంవత్సరాల్లో పింక్ సాల్మన్లు కూడా గుంపులుగా వస్తాయి. పిల్లలున్న కుటుంబానికి అది కలిసొచ్చే విషయం, ఎందుకంటే చేప చిన్నదైనా గాలానికి తరచుగా తగులుతుంది.

నన్నడిగితే జూలై చివరి నుంచి ఆగస్టు మూడో వారం లోపు ఒక పనిరోజును ఎంచుకోమంటాను. వారాంతాల్లో రేవు కిక్కిరిసిపోతుంది.

ఈ కోటాలు ఇంత కఠినంగా ఎందుకు ఉంటాయి?

ఒకే చేప మీద చాలామందికి హక్కులున్నాయి కాబట్టి. పందొమ్మిదో శతాబ్దపు ఒప్పందాల ప్రకారం పట్టదగిన చేపల్లో సగం వరకు ఆదివాసీ తెగలకు చెందుతుందని 1974లో న్యాయమూర్తి జార్జ్ బోల్ట్ తీర్పు చెప్పారు. నియా బే మకా తెగవారి ఊరు, లా పుష్ క్విలయూట్ తెగవారిది. మిగిలిన వాటాను వ్యాపార బోట్లు, సరదాగా వేటకు వచ్చేవాళ్లు పంచుకోవాలి. అంతరించే ప్రమాదంలో ఉన్న కొన్ని నదుల చేపలు ఇదే సముద్రంలో మిగతా చేపలతో కలిసి తిరుగుతుంటాయి. వాటిని కాపాడాలంటే అందరి వేటనూ తగ్గించక తప్పదు.

కాలిఫోర్నియాలో ఏం జరిగిందో చూస్తే ఈ కట్టుబాట్ల అవసరం అర్థమవుతుంది. శాక్రమెంటో నదికి తిరిగివచ్చే చినూక్‌లు (సాల్మన్‌లో పెద్ద రకం) బాగా తగ్గిపోవడంతో 2023లోనూ 2024లోనూ అక్కడ సముద్రంలో సాల్మన్ వేటను పూర్తిగా నిలిపివేశారు. 2025లో సరదా వేటకు కొద్ది రోజులు మాత్రమే అనుమతించారు.

ఎంత వయసు పిల్లలను తీసుకెళ్లవచ్చు?

ఒక్కో చార్టర్ సంస్థకు ఒక్కో నియమం ఉంటుంది, ముందే అడగాలి. నియమం ఒప్పుకున్నా ఆరేళ్లలోపు పిల్లలను సముద్రం మీదికి తీసుకెళ్లవద్దనే నా సలహా. తెల్లవారకముందే లేపాలి, చలిగాలిలో అయిదారు గంటలు ఉంచాలి, డెక్ తడిగా ఉంటుంది, కొక్కేలు గాలిలో ఊగుతుంటాయి. పైగా ఇతర ప్రయాణికులతో పంచుకున్న బోటైతే, ఒక్క పిల్లవాడు ఏడుస్తున్నాడని కెప్టెన్ వెనక్కి తిప్పడు. బోటు మొత్తాన్ని మీ కుటుంబమే మాట్లాడుకుంటే ఆ వెసులుబాటు ఉంటుంది. ఖర్చు ఎక్కువే, కానీ పిల్లలు ముగ్గురు నలుగురు ఉన్నప్పుడు ఆలోచించదగినదే.

మరీ చిన్నపిల్లలకు గట్టు మీది వేట ఉంది. వెస్ట్‌పోర్ట్ బోట్ బేసిన్‌లో వలల దొడ్లలో పెంచి వదిలిన కొహోలు శరదృతువులో అక్కడికే తిరిగి వస్తాయి. పడవ ఎక్కకుండా రేవు చెక్కల మీద నిలబడి గాలం వేయవచ్చు.

లైసెన్సు అందరికీ కావాలా?

గాలం పట్టుకునేవారికి కావాలి, చూడటానికి వచ్చేవారికి అక్కర్లేదు. వాషింగ్టన్‌లో 15 ఏళ్లు నిండని పిల్లలకు లైసెన్సు అవసరం లేదు. అయితే సాల్మన్ పట్టాలంటే వారికి కూడా క్యాచ్ రికార్డ్ కార్డు తప్పనిసరి, చాలామంది మరిచిపోయేది దీన్నే. చేపను ఉంచుకున్న వెంటనే కార్డులో నమోదు చేయాలి, రేవుకు వచ్చాక రాద్దాం అంటే కుదరదు. ఒరెగాన్‌లో 12 ఏళ్లలోపు, కాలిఫోర్నియాలో 16 ఏళ్లలోపు పిల్లలకు లైసెన్సు మినహాయింపు ఉంది.

ఒక్కొక్కరు ఎన్ని చేపలు ఉంచుకోవచ్చు?

సాధారణంగా రోజుకు రెండు, కొన్ని సందర్భాల్లో వాటిలో చినూక్ ఒకటికి మించకూడదు. కనీస పొడవు నియమం కూడా ఉంటుంది. వేట కాలం మధ్యలో కూడా ఇవి మారుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు రోజు రాష్ట్ర మత్స్య శాఖ ప్రకటన చూడండి. చార్టర్‌లో అయితే సిబ్బంది చెబుతారు.

సముద్రం మీద వాంతులు కాకుండా ఏం చేయాలి?

అన్నింటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే, అడగాల్సిందే కూడా. రోజంతా పాడయ్యేది చేపలు పడక కాదు, ఇందువల్లే.

కారణం తెలిస్తే జాగ్రత్తలు సులభంగా గుర్తుంటాయి. లోపలి చెవి ఒళ్లు ఊగుతోందని చెబుతుంది, కళ్లేమో ఎదురుగా ఉన్న బల్ల కదలడం లేదంటాయి. ఈ రెండింటికీ పొసగక మెదడు తికమకపడటమే వికారం. అందుకే క్యాబిన్‌లో కూర్చుని ఫోను చూసే పిల్లవాడు ముందు పడిపోతాడు. డెక్ మీద నిలబడి దిగంతాన్ని చూసేవాడు తట్టుకుంటాడు. రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లల్లో ఈ బాధ ఎక్కువ. తాతయ్య, అమ్మమ్మల గురించి బెంగపడి మనవలను మరిచిపోయే కుటుంబాలు దీన్ని గమనించాలి.

మాత్ర వేసుకునేట్టయితే బయలుదేరడానికి కనీసం గంట ముందే వేసుకోవాలి. వికారం మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు. డైమెన్‌హైడ్రినేట్ రెండేళ్లు దాటిన పిల్లలకు తగిన మోతాదులో దొరుకుతుంది. మెక్లిజైన్ పన్నెండేళ్లు దాటినవారికి. చెవి వెనుక అతికించే స్కోపోలమైన్ పట్టీకి వైద్యుడి చీటీ కావాలి, అది పిల్లలకు పనికిరాదు. ఏదైనా సరే, వేరే మందులు వాడే పెద్దవాళ్లు, పిల్లల విషయంలో తల్లిదండ్రులు ముందుగా వైద్యుణ్ని అడగాలి. ఈ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి. ఎవరికి ఎంత మత్తు వస్తుందో ఇంట్లో ఒక సెలవు రోజు చూసుకుంటే బోటులో ఆశ్చర్యం ఉండదు.

ఖాళీ కడుపుతో ఎక్కవద్దు, నూనె పదార్థాలతో నింపుకునీ ఎక్కవద్దు. బోటు మధ్య నుంచి వెనుక భాగం వరకు ఊపు తక్కువగా ఉంటుంది, కానీ డీజిల్ పొగ వచ్చే చోట నిలబడకండి. ముందురోజు రాత్రి సరిగా నిద్రపోవడం చాలామంది లెక్కలోకి తీసుకోని మందు. అయినా వాంతి వచ్చిందనుకోండి, గాలి వీపుకు తగిలేలా నిలబడి అంచు పట్టుకుని కానివ్వండి. మరుగుదొడ్డిలోకి పరుగెత్తకండి, ఆ ఇరుకు గదిలో మరింత తిప్పుతుంది. సిబ్బందికి ఇది రోజూ ఉండేదే, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

'బార్ దాటాలి' అంటారు, అంటే ఏమిటి?

నది లేదా అఖాతం సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేసి లోతు తగ్గిన ప్రదేశం. వెస్ట్‌పోర్ట్ నుంచి బయలుదేరితే గ్రేస్ హార్బర్ బార్, ఇల్వాకో నుంచైతే కొలంబియా నది బార్ దాటాలి. ఆటు సమయంలో బయటికి దూసుకొచ్చే నీరు, సముద్రం నుంచి వచ్చే అలలకు ఎదురుపడి వాటిని నిటారుగా లేపుతుంది. 1792 నుంచి కొలంబియా ముఖద్వారం పరిసరాల్లో దాదాపు 2,000 నౌకలు దెబ్బతిన్నాయని చెబుతారు. ఆ ప్రాంతానికి 'పసిఫిక్ శ్మశానం' అనే పేరు ఊరికే రాలేదు. అమెరికా కోస్ట్ గార్డ్ తన లైఫ్‌బోటు చోదకులకు శిక్షణ ఇచ్చే బడిని అక్కడే, కేప్ డిసపాయింట్‌మెంట్‌లో పెట్టుకుంది.

ఇది చదివి భయపడనక్కర్లేదు. చార్టర్ కెప్టెన్లు ఆటుపోట్లు, అలల ఎత్తు చూసుకునే బయలుదేరతారు. పరిస్థితి బాగా లేకపోతే కోస్ట్ గార్డ్ బార్‌ను మూసివేస్తుంది కూడా. ఉదయం నాలుగున్నరకు రేవుకు చేరుకున్నాక 'ఈరోజు వెళ్లడం లేదు' అన్న కెప్టెన్‌తో వాదించకండి. బుక్ చేసేటప్పుడే, రద్దయితే డబ్బు తిరిగి ఇస్తారా, మరో తేదీ ఇస్తారా అని అడిగి ఉంచుకోండి. బార్ దాటే పావుగంట, అరగంట మాత్రం అందరూ కూర్చుని ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలి.

బోటును ఎలా ఎంచుకోవాలి?

అమెరికాలో ఆరుగురు ప్రయాణికుల వరకు తీసుకెళ్లే చిన్న బోట్లు ఒక రకం. అంతకన్నా ఎక్కువమందిని ఎక్కించుకునేవాటికి కోస్ట్ గార్డ్ తనిఖీ ధ్రువపత్రం ఉండాలి. రెండింటిలోనూ కెప్టెన్‌కు కోస్ట్ గార్డ్ లైసెన్సు తప్పనిసరి. చిన్న బోటు వేగంగా వెళ్తుంది, వేట ఎక్కువసేపు దొరుకుతుంది. పెద్ద బోటు తక్కువ ఊగుతుంది, నడవడానికి చోటుంటుంది, మరుగుదొడ్డి కాస్త నయంగా ఉంటుంది. పిల్లలు, వృద్ధులు ఉంటే పెద్దదే మేలు.

లైఫ్ జాకెట్ బోటులో ఇస్తారా?

అందరికీ సరిపడా ఉంటాయి. కానీ అవి ప్రమాదంలో వాడటానికి ఉంచిన లావుపాటి రకం, వాటితో గాలం తిప్పడం కష్టం. పిల్లలకు ఒంటికి సరిపోయే సొంత జాకెట్ కొని వెంట తీసుకెళ్లండి, డెక్ మీద ఉన్నంతసేపూ తీయనివ్వకండి. సరిపోయిందా లేదా తెలుసుకోవాలంటే జాకెట్ భుజాలు పట్టుకుని పైకి ఎత్తి చూడండి. అది గడ్డం దాటి పైకి జారితే పెద్దదైనట్టే. వేసవిలో కూడా ఇక్కడి నీరు 10 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. అంత చల్లటి నీటిలో ఈత వచ్చినవారికీ మొదటి క్షణాల్లో ఊపిరి అందదు.

ఆగస్టులో కూడా చలి దుస్తులు కావాలా?

కావాలి. వేసవిలో వాయవ్య గాలులు పైనీటిని తీరం నుంచి దూరంగా నెడతాయి, దాని స్థానంలో అడుగునుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. పోషకాలు నిండిన ఆ నీటి వల్లే చిన్న చేపలు, వాటి వెంట సాల్మన్లు ఇక్కడ చేరతాయి. పొగమంచూ చలీ కూడా దాని చలవే. పొరలు పొరలుగా ఉన్ని లేదా ఫ్లీస్ దుస్తులు, పైన వాన కోటు, కాళ్లకు రబ్బరు బూట్లు, చెవులు కప్పే టోపీ తీసుకెళ్లండి. జీన్స్ వద్దు, తడిస్తే సాయంత్రం దాకా ఆరదు. ఎండ కనబడకపోయినా సన్‌స్క్రీన్ రాయండి.

మూచింగ్, ట్రోలింగ్ అంటే ఏమిటి? పిల్లలకు ఏది నయం?

మూచింగ్‌లో ఇంజిన్ ఆపి బోటును నీటి ఒరవడికి వదిలేస్తారు. ఏటవాలుగా కోసిన హెర్రింగ్ చేపను ఎరగా కట్టి సీసపు గుండుతో కిందికి దించి, మెల్లగా పైకి చుడుతూ మళ్లీ దించుతారు. గాలం కర్ర మీ చేతిలోనే ఉంటుంది, చేప కొట్టిన దెబ్బ మీకే తెలుస్తుంది. ట్రోలింగ్‌లో బోటు మెల్లగా నడుస్తూనే ఉంటుంది. కర్రలు అంచున అమర్చి ఉంటాయి. తళతళలాడే ఫ్లాషర్ పలక, దాని వెనుక ఎర నీటిలో గిరగిర తిరుగుతాయి. చేప పడితే కర్ర చివర వంగి ఊగుతుంది, అప్పుడు పరుగెత్తి అందుకోవాలి.

ఓపిక ఉన్న పిల్లవాడికి మూచింగ్ ఎంతో బాగుంటుంది, వాడికి చేతినిండా పని. అయితే ఆగిన బోటు అటూ ఇటూ దొర్లుతుంది, కడుపు బలహీనంగా ఉన్నవారికి అదే శత్రువు. నడిచే బోటు స్థిరంగా ఉంటుంది. కుటుంబంలో ఒక్కరికైనా వికారం అలవాటుంటే ట్రోలింగ్ చేసే బోటునే ఎంచుకోండి. అందరి సరదా వారి కడుపు మీదే ఆధారపడి ఉంటుంది.

చేప పడ్డాక పిల్లలు ఏం చేయాలి?

గాలం కర్ర చివరను పైకి ఎత్తి ఉంచాలి, దారాన్ని వదులు కానివ్వకూడదు. సముద్రంలో సాల్మన్ వేటకు ఎదురుముల్లు లేని కొక్కేలనే వాడాలన్నది నియమం. దారం కాస్త సడలితే చాలు, కొక్కెం జారిపోతుంది. చేప లాగుతుంటే లాగనివ్వాలి, ఆగినప్పుడు చుట్టాలి. తిరుగుతున్న రీలు పిడిలో వేలు పెట్టకూడదని బయలుదేరే ముందే చెప్పండి.

కొహో గాల్లోకి ఎగురుతుంది, ఒక్కోసారి బోటు వైపే దూసుకొస్తుంది. అప్పుడు ఊపిరి తిరగనంత వేగంగా చుట్టాలి. చినూక్ నేరుగా కిందికి దిగి మొండికేస్తుంది. వలతో ఎత్తే పని సిబ్బందికి వదిలేయండి. వల నీటిలోకి దిగాక పిల్లవాణ్ని ఒక అడుగు వెనక్కి నిలబెడితే చాలు.

నాన్నలకు ఒక మనవి: పిల్లల చేతిలోంచి కర్ర లాక్కోకండి. చేప పోతే పోయింది.

చినూక్‌నూ కొహోనూ ఎలా గుర్తుపట్టాలి?

నోరు తెరిచి చూడండి. కింది దంతాల మొదట్లో చిగురు నల్లగా ఉంటే చినూక్, తెల్లగా ఉంటే కొహో. తోకలో రెండు పాయల మీదా నల్లచుక్కలు ఉంటే చినూక్, పై పాయ మీదే ఉంటే కొహో. సముద్రంలో దొరికే కొహో సాధారణంగా మూడు నుంచి అయిదు కిలోలు తూగుతుంది, చినూక్ అంతకు రెండు మూడింతలు కూడా ఉండవచ్చు. గాలంతో పట్టిన చినూక్‌లలో ప్రపంచ రికార్డు 1985లో అలాస్కాలోని కీనై నదిలో దొరికిన 44 కిలోల చేప. మీకు అలాంటిది పడుతుందని పిల్లలకు ఆశ పెట్టకండి.

మంచి చేపను పట్టాక వదిలేయమన్నారు. ఎందుకు?

దానికి కొవ్వు రెక్క ఉండి ఉంటుంది. వీపు మీది పెద్ద రెక్కకూ తోకకూ మధ్య చిటికెన వేలంత కండ రెక్క ఒకటి ఉంటుంది, దాన్ని అడిపోజ్ రెక్క అంటారు. హేచరీల్లో, అంటే చేపల పెంపక కేంద్రాల్లో, పెంచిన చేపపిల్లలను వదిలేముందు ఆ రెక్కను కత్తిరిస్తారు. రెక్క లేకపోతే హేచరీ చేప, ఉంటే చాలావరకు నదిలో సహజంగా పుట్టిన చేప. వాషింగ్టన్ సముద్రంలో సహజమైన కొహోలను మామూలుగా వదిలేయాలి. అలాంటి చేపను బోటులోకి ఎత్తకుండా నీటి అంచునే కొక్కెం తప్పిస్తారు, పొలుసులు రాలితే అది బతకడం కష్టం. ఫొటో కోసం ఒక్క నిమిషం పైకి ఎత్తమని సిబ్బందిని బతిమాలకండి.

పిల్లలకు ఈ రెక్క సంగతి ముందే చెప్పి, చూసే బాధ్యత వారికే అప్పగిస్తే వదిలేయడం కూడా ఆటలో భాగమవుతుంది. చెప్పకపోతే ఏడుపు ఖాయం.

తిమింగలాలు కనిపిస్తాయా?

తరచుగా, ముఖ్యంగా హంప్‌బ్యాక్‌లు. నీటి మీద పక్షులు గుంపుగా మునకలు వేస్తుంటే కింద చిన్న చేపల మంద ఉన్నట్టు, కెప్టెన్ కళ్లు కూడా వాటి మీదే ఉంటాయి. పిల్లలకు బైనాక్యులర్స్ ఇచ్చి పక్షులను వెతకమనండి.

బోటులోకి అరటిపండ్లు తేవద్దన్నారు. నిజమేనా, హాస్యమా?

రెండూ. అరటిపండు ఉన్న బోటుకు చేప పడదన్నది నావికుల పాత నమ్మకం. నమ్మని కెప్టెన్లు కూడా దాన్ని వదులుకోరు. ఆపిల్ తీసుకెళ్లండి, గొడవ ఉండదు.

పట్టిన చేపను ఎలా కాపాడుకోవాలి? పచ్చిగా తినవచ్చా?

పట్టగానే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి మంచులో పెట్టాలి, మాంసం రుచి సగం అక్కడే తేలిపోతుంది. చార్టర్ సిబ్బంది ఇది చేస్తారు, రేవులో శుభ్రం చేసి ముక్కలు కోసి ఇచ్చే ఏర్పాటూ ఉంటుంది. మీ కారులో మంచు నింపిన పెట్టె ఒకటి సిద్ధంగా ఉంచుకోండి.

పచ్చిగా తినాలనుకుంటే తాజాదనం ఒక్కటే సరిపోదు. అడవి సాల్మన్‌లో అనిసాకిస్ వంటి పురుగులు ఉండవచ్చు. మైనస్ 20 డిగ్రీల వద్ద ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతోంది. ఇళ్లలోని ఫ్రీజర్లు చాలావరకు అంత చల్లగా ఉండవు, కాబట్టి ఉడికించి తినడమే క్షేమం. లోపలి ఉష్ణోగ్రత 63 డిగ్రీలకు చేరితే చాలు.

సిబ్బందికి టిప్ ఇవ్వాలా?

ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఛార్జీలో 15 నుంచి 20 శాతం, నగదుగా. పిల్లల చిక్కుముళ్లన్నీ విప్పినవారికైతే కాస్త ఎక్కువే.

రేవులో ఒకాయన మా చేప మూతి కోసి తీసుకెళ్లారు, ఎవరు?

మత్స్య శాఖ తరఫున లెక్కలు సేకరించే ఉద్యోగి. కొన్ని హేచరీ చేపల ముక్కులో ఒక మిల్లీమీటరు పొడవున్న సన్నటి లోహపు తీగ ముక్క ఉంటుంది. దాని మీది గుర్తులను సూక్ష్మదర్శినిలో చదివితే ఆ చేప ఏ హేచరీలో, ఏ సంవత్సరం పెరిగిందో తెలుస్తుంది. చేతిలోని పరికరంతో తీగ ఉందని తేలిన చేపకే మూతి కోస్తారు. వచ్చే ఏడాది కోటాల లెక్కకు ఈ సమాచారమే ఆధారం కాబట్టి అడిగితే ఇచ్చేయండి. కోసేటప్పుడు దగ్గర నిలబడి చూడటానికి పిల్లలు ఇష్టపడతారు, ఆ ఉద్యోగులు కూడా ఓపికగా వివరిస్తారు.

విమానంలో చేపను తీసుకెళ్లవచ్చా?

తీసుకెళ్లవచ్చు. గట్టిగా గడ్డకట్టించి, కారకుండా మూసిన పెట్టెలో పెట్టాలి. పొడి మంచు (డ్రై ఐస్) వాడితే ఒక్కొక్కరికి 2.5 కిలోల వరకే అనుమతి, అదీ విమాన సంస్థకు ముందుగా చెప్పి. పెట్టెకు గాలి పోయే సందు ఉండాలి. అన్ని రేవుల్లోనూ అదే రోజు గడ్డకట్టించి ఇవ్వరు, అందుకే తిరుగు ప్రయాణం వేట మర్నాడు మధ్యాహ్నం తర్వాత పెట్టుకోండి.